వీణ మెట్లు కదిలిన ఆదివారం

మీ ఇంట్లో ఏదైనా చెడిపోతే మీరు ముందు వస్తువు వైపు చూస్తారా, మనిషి వైపు చూస్తారా? తొందరపడి జవాబు చెప్పకండి. నేనూ ఒకప్పుడు తొందరపడే చెప్పేవాణ్ని. వాద్యాలు బాగుచేయడం నా వృత్తి. శకునాలనూ ముహూర్తాలనూ సభల్లో నిలబెట్టి కడిగేయడం నా వ్యసనం. అలాంటి నా చేతుల్లోంచే ఒక అపశకునం పుట్టింది.

అది 1978 వేసవి. కరీంనగర్‌లో నాకు చిన్న దుకాణం ఉండేది. హార్మోనియంలు, తబలాలు వరుసగా వచ్చేవి, వీణ మాత్రం ఏడాదికి రెండో మూడో. ఆ మే నెలలో సిరిసిల్లలోని నేతకార్మికుల హాలులో ఆదివారం ఆదివారం కచేరీలు పెట్టారు. ఒకరిద్దరు వాయించేవాళ్ళు, జంపఖానా మీద అరవై డెబ్బై మంది వినేవాళ్ళు. మైకు లేదు. ఆ ఆలోచన హాలు బాధ్యత చూసే మల్లేశంది.

"మైకు లేకుంటే ఎవరికి వినబడుతదే?" అని అడిగాను.

"ఆరు దినాలు మరమగ్గాల మోత వింటం మేస్త్రీ. ఏడో దినం గూడ మోతేనా? చెవులకు జర సెలవియ్యాలె గద!"

అతను ఎంత తెలివైనవాడో మొదటి ఆదివారమే తెలిసింది. మగ్గాలు ఆగిన ఊళ్ళో నిశ్శబ్దానికి ఒక బరువుంటుంది. మోత ఆగినా చెవులు కాసేపు దాన్నే మోస్తూ ఉంటాయి. తర్వాత మెల్లగా దించేస్తాయి. వట్టివేళ్ళ తడకల మీద నీళ్ళు చల్లితే హాలంతా తడిమట్టి వాసన. కప్పు రేకుల సందుల్లోంచి దిగే ఎండ గీతల్లో, వారమంతా మగ్గాలు విడిచిన దూది పీచు తేలుతూ తిరిగేది. వేణువు వాయిస్తుంటే ఆ పీచు పాటను విని ఆగినట్టూ మళ్ళీ కదిలినట్టూ ఉండేది. హేతువాదినైన నాకు కూడా అది గాలి పని అని చెప్పాలనిపించలేదు.

మూడో ఆదివారం వీణ. వాయించేది అనసూయ టీచర్. ఆమెది పెద్దపల్లి. సిరిసిల్ల ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేది. భర్త జ్వరంతో పోయి రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళూ వీణ అటక మీదే ఉంది. మల్లేశం పదిసార్లు ఇంటికి వెళ్ళి అడిగితే ఒప్పుకుంది. కచేరీలకు నాలుగు నెలల ముందే, ఆ జనవరిలో, వీణను బాగుచేయించడానికి నా దగ్గరికి తెచ్చింది.

వీణ గురించి ఒక సంగతి చెప్పాలి. తీగల కింద అడ్డంగా ఉండే దాని ఇరవై నాలుగు ఇత్తడి మెట్లు కొయ్యకు బిగించి ఉండవు. రెండు మైనపు గట్ల మీద కూర్చుని ఉంటాయి. తేనెమైనం, గుగ్గిలం, దీపపు మసి కలిపి కాచి ఆ గట్లు పోస్తాం. ఒక్కొక్క మెట్టునూ చెవితో విని, వెంట్రుకవాసి జరిపి, స్వరం పలికిన చోట అదుముతాం. దీన్ని మేళం కట్టడం అంటారు. గుగ్గిలం ఎక్కువైతే మైనం రాయిలా ఉంటుంది. తక్కువైతే మెత్తగా, వేళ్ళకు మాట వింటుంది. ఆ జనవరి చలికి గట్టి మైనం పెళుసుగా విరిగి నన్ను విసిగించింది. నేను గుగ్గిలం తగ్గించాను. పని రెండు రోజుల్లో హాయిగా అయిపోయింది.

"ఇది ఎన్నాళ్ళు ఆగుతది అన్నా?" అని అడిగింది ఆమె.

"పదేండ్లు ఫికర్ చెయ్యకు టీచరమ్మా" అన్నాను.

ఎప్పుడు వాయిస్తావు, ఎక్కడ వాయిస్తావు అని నేను అడగలేదు. దేవుణ్ని కూడా ప్రశ్న అడగకుండా వదలనని పేరున్నవాణ్ని, అడగవలసిన ఒక్క ప్రశ్న మింగేశాను.

మూడో ఆదివారం నేనూ వెళ్ళాను. ఆమె మధ్యాహ్నమే వచ్చి, వీణను హాలులోనే ఉంచి, బడిపిల్లల చేత జంపఖానా పరిపించింది. సాయంత్రం అయిదున్నరకు కూర్చుంది. మోహన రాగం ఎత్తుకుంది. రెండేళ్ళు మూసి ఉన్న గది తలుపు తీసినట్టు, మొదట కొంచెం బెరుకుగా, తర్వాత గాలీ వెలుతురూ ఒక్కసారిగా. ఆమె కళ్ళు మూసుకుంది. కిటికీ దగ్గర కూర్చున్న ముసలి నేతగాడి పాదం తనకు తెలియకుండానే మగ్గం తొక్కుతున్నట్టు కదిలింది.

అప్పుడు ఒక స్వరం జారింది.

ఆమె సర్దుకుంది. గమకం కోసం తీగను పక్కకు లాగింది. తీగతో పాటు మెట్టు కూడా ఒరిగింది. తీగ జుమ్మని ముక్కుతో మూలిగింది. ఆమె వేలు వెతికిన చోట స్వరం లేదు, పక్కన ఎక్కడో ఉంది. మరోసారి లాగింది. మెట్టు పూర్తిగా పక్కకు వాలింది.

వెనకాల గుమ్మం పక్కన, ముత్తయిదువలకు దూరంగా, కొందరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అందులో మల్లేశం తల్లి లచ్చవ్వ ఒకతె. ఆమె మొగుడు పోయి ఇరవై ఏళ్ళు. పక్కామెతో గుసగుసగా అన్నది:

"మొగడు పోయిన చెయ్యాయె. సరస్వతమ్మకు సైస్తదా?"

మైకు లేని హాలులో గుసగుస కూడా కచేరీయే. అరవై మందికీ వినబడింది. అనసూయకూ వినబడింది. ఆమె తలెత్తలేదు. వీణ మీద గుడ్డ కప్పింది, పసిబిడ్డ మీద కప్పినట్టు కాదు, శవం మీద కప్పినట్టు. జనం ఒక్కొక్కరే లేచారు. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే ఒప్పుకోవడం. నేనూ ఏమీ అనలేదు.

మర్నాడు ఆమె బస్సులో వీణ తెచ్చి నా దుకాణంలో పెట్టింది.

"నీ దగ్గరనే ఉంచు అన్నా. అడిగినోళ్ళకు ఇచ్చెయ్యి. ఇగ నేను దాన్ని ముట్ట."

నాకు తెలిసిన విద్య ఉపన్యాసం. మొదలుపెట్టాను. విధవ అనే మాట ఎవరు పుట్టించారో, ఎవరికి లాభమో, అన్నీ చెప్పాను. ఆమె ఓపికగా విన్నది.

"నువ్వు చెప్పేటియన్ని నాకు ఎరుకనే. నేను పిల్లలకు సైన్సే చెప్త గద" అంది. "అయినా అన్నా, నిన్న రాత్రి గ్లాసు పట్టుకుంటే నా చెయ్యి దిక్కే చూసుకున్న. వాళ్ళు నమ్ముతలేరని కాదు. నా చెయ్యిని నేనే నమ్ముతలేను. నీ దగ్గర దీనికేమన్న మందుందా?"

వీణను అక్కడే వదిలి ఆమె వెళ్ళిపోయింది.

గుడ్డ తీసి చూశాను. మైనం గట్టు మీద బొటనవేలి గోరు ఆనించాను. నొక్కలేదు, ఆనించానంతే. గోరు వెన్నలోకి దిగినట్టు దిగింది.

ఆ క్షణంలో నా మనసు ఎంత చురుగ్గా పనిచేసిందో చెబితే మీకు నవ్వొస్తుంది. ఎండ, అన్నాను. రేకుల కప్పు కింద మధ్యాహ్నం నుంచీ ఉంది, ఏ మైనం ఆగుతుంది? మళ్ళీ మేళం కట్టి, ఎండ వల్లే తల్లీ అని చెప్పి పంపేస్తే చాలు. అందులో అబద్ధం లేదు. కానీ నిజమూ మొత్తం లేదు. ముందు ఆదివారం అదే ఎండలో వయొలిన్‌కు ఏమీ కాలేదు; దానికి మైనం ఉండదని జనానికి తెలియదు. ఎండ ఈమెనే ఎందుకు పట్టిందని ఎవరైనా అడిగితే, జవాబు మళ్ళీ ఆమె చేతి దగ్గరికే వెళుతుంది. పోకుండా ఆపాలంటే దారిలో ఒక మనిషి అడ్డంగా నిలబడాలి. ఆ మనిషి పేరు నాకు తెలుసు.

రెండు రోజులు ఆ వీణను ముట్టుకోలేదు. మంచిర్యాల నుంచి, ఆదిలాబాద్ నుంచి నా మాట మీద వాద్యాలు వస్తాయి. పనిలో మోసం చేశాడని పేరు పడితే ఎవరు తెస్తారు? ఇతరుల భయాలను చూసి ఇన్నేళ్ళు నవ్వినవాణ్ని, నా భయం పక్కన కూర్చుని భోంచేశాను.

మూడో రోజు గుగ్గిలం దంచాను. పాత మైనం గోకి తీసి ఉండ చేసి పక్కన పెట్టాను. కొత్తది కాచాను. వేడి మైనం వాసన దుకాణం నిండా పరుచుకుంది. ఒక్కొక్క మెట్టునూ పలికిస్తూ కూర్చుంటే రోజులు ఎలా గడిచాయో తెలియదు. ఒక స్వరం సరిగ్గా తన చోట కూర్చున్నప్పుడు గదిలో ఎవరో నెమ్మదిగా ఊపిరి వదిలినట్టు ఉంటుంది. అలా ఇరవై నాలుగు సార్లు.

నాలుగో ఆదివారం కచేరీకి ముందు మాట్లాడతానని మల్లేశానికి కబురు పంపాను. వాయించనక్కర్లేదు, ఊరికే వచ్చి కూర్చో అని అనసూయను బతిమాలాను. వచ్చింది. ముందుకు రాలేదు. గుమ్మం పక్కన, లచ్చవ్వ వాళ్ళ వరుసలో కూర్చుంది. తన చోటు అదే అని ఒప్పుకున్నట్టు.

సభల్లో నా గొంతు గోడలు దాటేది. ఆ రోజు దగ్గరి వరుస దాకా కూడా పోయిందో లేదో.

"ఈ వీణెకు మైనం కలిపింది నేను" అన్నాను, జంపఖానా మీద పెట్టిన వీణను చూపించి. "చలికి పని సాగుతలేదని గుగ్గిలం తక్కువేసిన. పదేండ్లు ఆగుతదని టీచరమ్మకు అబద్ధం చెప్పిన. పోయిన ఆదివారం మెట్లు కదిలింది ఆమె చెయ్యి తాకి కాదు. నా చెయ్యి తాకి."

వెనక వరుసల వాళ్ళు వినడానికి ముందుకు జరిగారు.

"గట్లయితే మేస్త్రీ, అపశకునం అంటే నువ్వేనన్నట్టు!" అని ఒకాయన మధ్యలోంచి అరిచాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక రెండు మైనపు ఉండలు చేతిలోకి తీసుకున్నాను. మధ్యాహ్నం రెండింటి నుంచి కిటికీ బండ మీద ఎండలో పెట్టినవి. ఒకటి పాతది, ఒకటి కొత్తది. వాటిని లచ్చవ్వ ముందుకు తీసుకెళ్ళి, ఒక ఇత్తడి మెట్టు చేతికిచ్చాను.

"నొక్కు అవ్వా."

"నేనెందుకయ్యా? నా చెయ్యి గూడ గసోంటిదే."

"గందుకే నువ్వు నొక్కాలె."

ఆమె నొక్కింది. పాత ఉండలో మెట్టు సగం దాకా దిగింది. కొత్త దాని మీద గీత కూడా పడలేదు. ఇంకాస్త బలంగా నొక్కింది. పడలేదు.

"మల్లిగా, నువ్వు నొక్కు" అంది కొడుకుతో. మల్లేశం నొక్కాడు. అదే జరిగింది. "నువ్వు నొక్కు" అంది ముందు వరుసలోని ముత్తయిదువతో. అదే జరిగింది. ముసలమ్మ ఆ రెండు నల్లటి ఉండల వైపు చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు కాకుండా, ఎవరి వైపూ కాకుండా అడిగింది:

"మల్లిగాని బాపు పోయిన ఏడు, మా మగ్గం మీద కొత్త పడుగు ఎక్కిచ్చిన్రు. నేను చెయ్యి వెట్టిన. రెండు దినాలకే దారాలు పటపట తెగినయి. నా చెయ్యి పడ్డదన్నరు. ఇరవై ఏండ్లాయె, కొత్త పడుగును ముట్టనియ్యరు. గప్పుడు గూడ ఎండకాలమే గద. గంజి ఎవ్వలు పెట్టిన్రో, ఎంత పెట్టిన్రో... గది ఎవ్వలు చెప్తరు నాకు?"

గంజి ఎక్కువైతే ఎండకు పడుగు దారం పెళుసెక్కి తెగుతుందని ఆ హాలులో తెలియనివాడు లేడు. అందరూ నేతగాళ్ళే. గంజి పెట్టింది నేనని చెప్పవలసినవాడు బహుశా అక్కడే ఉన్నాడు. బహుశా చనిపోయాడు.

జవాబు కోసం ఆమె ఆగలేదు. పక్కన కూర్చున్న అనసూయ చెయ్యి తీసుకుంది. ఆ అరచేతిని తన అరచేతిలో పెట్టుకుని, మైనం ఉండను చూసినట్టే తిప్పి చూసింది.

"నా నోరు కాలిపోను, పంతులమ్మా. నేను గా మాట అనకపోయేది ఉండె. లే. పో. కొట్టుకో నీ వీణె. నేను ఈడ్నే కూసుంట."

"ఈడ కాదు, ముంగట కూసో అవ్వా" అంది అనసూయ. ఇద్దరూ కలిసి ముందుకు నడిచారు.

అనసూయ మళ్ళీ మోహనే ఎత్తుకుంది, విడిచిన చోటి నుంచే. గమకం దగ్గరికి వచ్చినప్పుడు వేలు ఒక క్షణం ఆగింది. హాలు మొత్తం ఆ వేలితో పాటు ఆగింది. తర్వాత తీగను లాగింది. మెట్టు కదలలేదు. ఆ స్వరం లేచి, ఎండ గీతలో తేలుతున్న దూది పీచులోంచి వెళ్ళి, రేకుల కప్పు కింద ఎక్కడో కరిగిపోయింది. కరిగిన తర్వాత కూడా మేము దాన్ని వింటూనే ఉన్నాం. ఎంతసేపు వాయించిందో నాకు తెలియదు. బయటికి వచ్చేసరికి ఆకాశం నీలిమందు కలిపిన నీళ్ళలా ఉంది, ఊళ్ళో ఒక్క మగ్గమూ ఆడటం లేదు.

పది రోజులకు మల్లేశం దుకాణానికి వచ్చి చెప్పాడు. "మా అవ్వ కొత్త పడుగుకు ముడేసింది మేస్త్రీ. ఎవ్వర్నీ అడగలే. మేం గూడ అడ్డం పోలే."

"తెగిందా?"

"ఆడొకటి ఈడొకటి తెగినయి. 'గంజి పెట్టినోన్ని పిలువుండ్రి' అని లొల్లి చేస్తుంది!"

ఆ ఏడు నాకు వీణలు తగ్గాయి. తర్వాత పెరిగాయి. అది పెద్ద సంగతి కాదు. మూఢనమ్మకాల మీద నేను గెలిచిన వాదాలు చాలా ఉన్నాయి. వాటితో ఒక్క మనిషి చెయ్యి కూడా బాగుపడినట్టు నాకు గుర్తు లేదు. నింద ఖాళీ జాగాలో మొలుస్తుంది. ఆ జాగాను ఖాళీగా వదిలేది అజ్ఞాని ఒక్కడే కాదు. తప్పు చేసి, తెలిసి, నోరు మూసుకున్న పనివాడు కూడా. నమ్మేవాళ్ళను ఎగతాళి చేయడం సులువు. ఆ జాగాలో నిలబడటం కష్టం.

కనుక నన్ను మెచ్చుకోకండి. ఈ కాగితం పక్కన పెట్టి ఒక పని చేయండి. మీ ఇంట్లోనో మీరు పనిచేసే చోటో చెయ్యి మంచిది కాదని, కాలు అచ్చిరాదని పేరు మోస్తున్న ఒక మనిషిని గుర్తు చేసుకోండి. ఆ పేరు పడిన రోజు మీరేం చేశారో కూడా గుర్తు చేసుకోండి. అందులో మీ తప్పు గోరంత ఉన్నా, ఆ మనిషి చెవిలో చెప్పి చేతులు దులుపుకోకండి. నింద ఎంతమంది ముందు పడిందో అంతమందినీ కూర్చోబెట్టండి. లేచి నిలబడి, చేసింది నేను అని చెప్పండి.