గేమ్ పెట్టె, నా గొప్పలు

మొన్న ఆదివారం మా హాల్లో నా పరువు ఎట్లా పోయిందో చెప్తా, టీ తాగతా వినండి.

చిన్నప్పుడు నెల్లూరులో వీడియో గేమ్ షాపుల్లో నిలబడి ఆడేవాళ్లం గదా, అట్లాంటి పెట్టె ఒకటి ఇంట్లో చేసుకోవాలని నాకు ఎప్పటి నుంచో పిచ్చి. ముత్తుకూరులో ప్లైవుడ్ కోయించి, పాత మానిటర్ బిగించినా. కంట్రోల్ ప్యానెల్ డిజైన్ మాత్రం నాదే. జాయ్‌స్టిక్ ఎక్కడ, బటన్లు ఎక్కడ, చెయ్యి ఎక్కడ ఆనాలి అని అట్టముక్కల మీద గీసి గీసి చూసుకున్నా. వైరింగ్ కూడా నేనే. కరెంటు పని చేసేవాణ్ణి, ఇంకొకరిని పిలిస్తే నామోషీ.

మా ఆవిడ సుజాత ఒకటే మాట చెప్పింది. "ఆ మూల నా కుట్టుమిషన్‌ది. ఆదివారం మా తమ్ముడొస్తాడు. అందరూ ఆడుకునేట్టు ఉంటే పెట్టె ఉంటది, లేకుంటే మిషన్ వస్తది."

నాకేం భయం? వారం నుంచి డ్యూటీ దిగి రాగానే కార్ల గేమ్ ఆడి చూస్తానే ఉండా. ఒక్కసారి కూడా కారు రోడ్డు దిగలేదు.

సూళ్లూరుపేట నుంచి బామ్మర్ది శీను వచ్చినాడు. స్టార్ట్ నొక్కినాడు, మొదటి మలుపులోనే కారు పొలాల్లోకి పోయింది. మళ్లీ ఆడినాడు, మళ్లీ పొలాల్లోకే. "నువ్వు సెల్‌ఫోన్ ఆటలకే పనికొస్తావు శీనా" అన్నా. సుజాత ఆడింది, అదే కథ. చర్చి నుంచి వస్తా వస్తా పక్కింటి మేరీ అక్క కూడా ఒక చెయ్యి వేసింది. ఆమె కారు రోడ్డు ఎక్కనే లేదు.

ఇంక నేను అందరికీ క్లాసు పీకినా. "మలుపు రాకముందే తిప్పాలక్కా" అని ఆడి చూపించినా. నా కారు నల్లేరు మీద బండిలాగా పోయింది.

అప్పుడు సుజాత స్క్రీన్ వదిలి నా చెయ్యి చూసింది. "ఏమయ్యా, రోడ్డు కుడికి తిరిగితే నువ్వు కర్ర ఎడమకి తోస్తుండావేంది?"

ప్యానెల్ తిప్పి చూస్తే తెలిసింది. కర్ర పైన ఎడమకి తోస్తే, కింద దాని మొన కుడికి పోయి కుడి స్విచ్‌ని నొక్కుతుంది. అది మరిచి వైర్లు ఎటువి అటే కలిపినా. మరి వారం ఆడినా నాకెందుకు తెలియలేదంటే, చిన్నప్పటి నుంచి మా నాయన పడవ నడిపినవాణ్ణి. పడవ మోటారు పిడి ఎడమకి తోస్తేనే పడవ కుడికి తిరుగుతుంది. నా చేతికి అదే న్యాయం.

శీను నవ్వలేక కింద కూర్చున్నాడు. "అయితే బావా, వారం రోజులు రోడ్డు మీద పడవ తోలినావా?"

సిగ్గుతో వైర్లు మార్చినా. అందరూ బ్రహ్మాండంగా ఆడినారు. ఇప్పుడు పొలాల్లోకి పోయేది నా కారే. మనసొప్పక, ఎడమ కుడి మార్చే చిన్న స్విచ్ ఒకటి ప్యానెల్ పక్కన పెట్టుకున్నా.

పెట్టె అయితే మూలలో నిలిచింది. కానీ ఎవరు ఆడేదానికి వచ్చినా సుజాత వంటింట్లో నుంచే చెప్తుంది: "ముందు ఆ స్విచ్ చూసుకోండి, మా ఆయన సముద్రంలో వదిలేసి పోయుంటాడు."