రెండు చిప్పలు, ఒక గొంగళి

ఆ రోజుల్లో నాకు ఏం జరిగినా ముందు అక్కడ ఎవరెవరున్నారో, ఏమేమున్నాయో రాసుకునే జబ్బు ఉండేది. అరవైల మొదట్లో, వరుసగా రెండో ఏడూ వానలు తప్పిన వేసవిలో, యాడికిలో మా ఇంటి నాపబండల అరుగు మీద ఉన్నవి ఇవి: కొబ్బరి చిప్పలు రెండు, వేరుశనక్కాయలు పావుసేరు, నల్ల గొంగళి ఒకటి, కోతి ఒకటి, దాన్ని ఆడించి బతికే తాత, రాయదుర్గం నుంచి వచ్చిన మా మేనమామ, ఆయన కూతురు, నేను. (నన్ను చివర రాసుకోవడం వినయం కాదు, మిగిలిన కథ చదివితే తెలుస్తుంది.)

అప్పుడే జంతుశాస్త్రం చదువు ముగించి, అనంతపురంలో ఒక కాలేజీలో కప్పలు కోసి చూపించే ఉద్యోగంలో చేరాను. నుదుటి వెనక మెదడు దెబ్బతిన్న కోతి, కళ్ళముందే దాచిన గింజ ఏ చిప్ప కింద ఉందో కాసేపట్లోనే మరిచిపోతుందని ఒక పుస్తకంలో చదివాను. కనబడనిదాన్ని మనసులో నిలుపుకొని, దాన్నిబట్టి చెయ్యి చాపడం ఆ ముందు భాగం పనట. మరి బాగున్న కోతి ఏం చేస్తుందో చూద్దామని తాతను పిలిపించాను. ఒక చిప్ప కింద కాయ పెట్టాలి, గొంగళి అడ్డం పట్టాలి, ఇరవై అంకెలు లెక్కపెట్టి దించాలి; ఇలా ఇరవై సార్లు. గొంగళి పట్టే పని మరదలిది.

మామ వచ్చింది కోతి కోసం కాదు. కూతుర్ని బయటికి ఇచ్చేముందు మేనల్లుణ్ణి అడగడం మావైపు రివాజు. బళ్ళారి సంబంధం వాళ్ళకు ఆ రాత్రికే మాట చెప్పాలి.

"ఏమప్పా, చేసుకుంటావా లేదా? నాలుగింటి బస్సుకు నేను పోవల్ల."

నాకామె ఇష్టమే. గొంగళి ఎత్తినప్పుడల్లా ఆమె మొహం మరుగయ్యేది, ఆ ఇరవై అంకెలు నాకు ఇరవై రోజుల్లా గడిచేవి. అయినా ముందురోజే కాగితం మీద రెండు వరుసలు గీసి, చేసుకోవడానికి పదకొండు కారణాలు, వద్దనడానికి నాలుగు రాసుకున్నాను. ఆ నాలుగింటిని ఇంకా సరిచూడవలసి ఉంది.

"ఈ ఇరవై సార్లు అయిపోనీ మామా, చెప్తా."

"నేనడిగింది కోతిని కాదప్పా, నిన్ను."

తాత నవ్వినాడు. "మా రాముడు కాగితాలు రాసుకోడు సామీ. ఆకలైతే చెయ్యి పెడతాడు, అంతే."

గొంగళి వెనకనుంచి మరదలు అంది: "బావా, కోతిని చూడు, గొంగళి దించంగానే తీసుకుంటాండాది. నువ్వేమో కాయ యాడుండాదో తెలిసీ చిప్ప ముట్టుకోవు."

తలవంచుకొని పద్నాలుగోసారి ఫలితం రాసుకున్నాను.

ఇరవయ్యోది రాసి తలెత్తేసరికి గొంగళి నాలుగు మడతలై అరుగు మీద ఉంది. మామ సంచి భుజాన వేసుకొని, "సరేలేప్పా, తెలిసింది" అని కూతురితో బయల్దేరినాడు. నేను మొత్తం రెండుసార్లు కూడి సరిచూసుకొని (కూడిక తప్పితే ఎలా?) బస్సు దగ్గరికి పరుగెత్తాను. అక్కడ దుమ్ము మాత్రమే ఉంది.

మెదడు ముందు భాగం ఒక్క అధికారి కాదని ఇప్పుడు చదువుతున్నాను. ఒక మూల గుర్తుపెట్టుకుంటుందట, కళ్ళ పైనున్న మూల ఏది మేలో తూస్తుందట, లోపలి భాగాలతో మాట్లాడుకున్నాక చెయ్యి కదులుతుందట. నాలో గుర్తుపెట్టుకునే మూలకు మాత్రం ఏ లోటూ లేదు. ఇన్నేళ్ళైనా, గొంగళి దించినప్పుడు కనబడే ఆ మొహం అలాగే ఉంది. మిగిలిన మూలలు ఆ రోజు సభ పెట్టుకొని, బస్సు పోయాక తీర్మానం చేశాయి. పెన్ను పట్టుకొని పరుగెత్తిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కోప్పడాలని మాత్రం అనిపించదు.

ఆ ఫలితాల కాగితం ఇంకా నా దగ్గరుంది. కోతి: ఇరవైకి పద్దెనిమిది. నేను: ఒకటికి సున్నా.