స్టాకిస్ తలమీది కిరీటం

కైసరయ రేవులో బస్తాలు మోసే స్టాకిస్ కిరీటాన్ని కాదన్న సాయంత్రం సముద్రం హడలిపోయి వెనక్కి నడిచింది. పడవలన్నీ ఇసుకలో కూలబడ్డాయి. నమ్మనివాళ్లు వెళ్లి ఆ పడవల్నే అడగండి.

అంతకుముందు వాడి బతుకంతా నిలబడటమే. పగలు ఐగుప్తు గోధుమ ఓడల దగ్గర, పొద్దువాలితే ధాన్యపు కొట్టు కింద మిత్ర దేవుడి గుహగుడిలో. అక్కడి భక్తుల మెట్లలో అట్టడుగుది కాకి, వాడు ఆ కాకి. అంటే, ముక్కున్న ముసుగు తగిలించుకుని, అరుగులమీద ఒరిగి తినేవాళ్లకు రొట్టె, మాంసం అందించాలి. కాకి కూర్చోకూడదు. జుట్టు నెరిసినా వాడు కాకిగానే మిగిలాడు. మడమలు పగిలిపోయాయి. దేవుణ్ణి వాడు కోరిందల్లా ఆ అరుగుమీద కాస్త చోటు.

కాకి మెట్టు దాటి 'సైనికుడు' అనే మెట్టెక్కితే ఆ చోటు దొరుకుతుంది. దానికో పరీక్ష. కళ్లకు గంతలు కట్టి తలమీద కిరీటం పెడతారు. భక్తుడికి దేవుడే కిరీటం కాబట్టి, దాన్ని భుజానికి దించేసినవాడు నెగ్గినట్టు. మురిసిపోయి ఉంచుకున్నవాడు మళ్లీ కాకే. ఈ కిటుకు కాకులకు ఎవరూ చెప్పరు. పరీక్షవేళ వాళ్లను బయటికి తోలేస్తారు.

ఆరోజు పొద్దుట్నించీ ఓడలోంచి బస్తాలు దించి దించి, ఒళ్లు హూనమై వచ్చాడు స్టాకిస్.

"ఏరా ముసలి కాకీ, ఇవాళైనా ఎగురుతావా?" అన్నాడు శతాధిపతి ప్రోకులస్.

"ఎగరడం దేవుడెరుగు దొరా, పడిపోకుండా ఉంటే చాలు."

"నోరు ముయ్యండ్రా ఇద్దరూ!" అని కసిరాడు కల్లినికస్. బయట అతను స్నానశాలలో నీళ్లు కాచే బానిస. గుహలో మాత్రం అందరికన్నా పై మెట్టువాడు, శతాధిపతికైనా తండ్రే. ప్రోకులస్ తల వంచుకున్నాడు.

గంతలు కట్టారు. తలమీద ఏదో పడింది. ఈ పరీక్ష తప్పాడంటే, కాళ్లు పడిపోయేదాకా వడ్డనే.

స్టాకిస్ చెయ్యి నెమ్మదిగా లేచింది. మెడ కాస్త వంగింది. కిరీటం ఎడమ భుజంమీదికి జారి కుదురుకుంది.

కల్లినికస్ కళ్లు చెమర్చాయి. "నాయనా! కిరీటాన్ని కాదనమని నీ చెవిలో దేవుడే చెప్పాడు కదూ?"

స్టాకిస్ గంతలతోనే అరుగు కోసం తడుముకుంటున్నాడు.

"కిరీటమా? నెత్తిన ఏదో పెట్టారు, భుజానికి దించుకున్నాను. మేం భుజంమీదే మోస్తాం. ఎక్కడ పడెయ్యాలో చెప్తే పడేసి కూర్చుంటాను."