పోయినవాడి పేరు

పందొమ్మిది వందల యాభైలలో ఒక మధ్యాహ్నం, రాయకోట స్టేషన్ బెంచీ మీద ఒక ముసలాయన రెండు కాగితాలు నా చేతికిచ్చి చదవమన్నాడు. చర్చి చావుపుట్టుకల పుస్తకంలోంచి రాయించుకున్నదానిలో ఆయన తాత ఆరేళ్లకే చనిపోయాడని ఉంది. పటాలం కాగితంలో అదే పేరు, అదే తండ్రి, అదే ఊరు; ఇరవయ్యేళ్ల సిపాయి.

"సచ్చినోడు పటాలానికి ఎట్ల పోయినాడప్పా?"

"పోయినోడే మళ్లీ పుట్టినాడని, తమ్ముడికి అదే పేరు పెట్టింటారు తాతా."

"అట్లయితే ఆ తమ్ముడు పుట్టినట్టు యాడా లేదే? నాలుగు చర్చిలు తిరిగినాను. సావు ఒకటే దొరికింది."

కాగితాలు మడుచుకుంటూ అడిగాడు: "నీ పేరేమప్పా?"

రైలు వస్తోందేమో చూస్తున్నట్టు లేచి నిలబడ్డాను. నాది, నేను పుట్టకముందే పోయిన మా అన్న పేరు.