మస్తానన్న గడ్డి మిషన్, నా కత్తిపీట

నిన్న హాస్పిటల్‌లో డ్యూటీ దిగి బస్సులో కూర్చున్నానో లేదో, కడప నుంచి ఖైరూన్ వదిన ఫోన్. ఆ టైమ్‌లో ఆవిడ ఎప్పుడూ చేయదు.

"మీ అన్న పోయినాడు సిస్టరమ్మా."

ఏ అన్న అని అడిగాను. నిజంగానే అడిగాను. బుర్ర పనిచేయలేదు.

మస్తానన్న.

గుండెనొప్పి అట. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట. మొన్న శుక్రవారమే కదా పెరట్లో కరివేపాకు మొక్క ఫోటో వాట్సాప్‌లో పెట్టి, "దీనికి మిషన్ అక్కర్లేదు" అని రాశాడు!

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. సౌదీలో ధహ్రాన్ దగ్గర మా కాంపౌండ్‌లో ఇంటింటికీ గడ్డి కోసిన మనిషి ఆయన. ఇక్కడున్న తెలుగువాళ్ళందరికీ అన్నే.

ఇక్కడివాళ్ళకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖాత్ రూలు వచ్చినప్పుడు ఆయన కంపెనీ రెడ్ లిస్టులోకి పోయింది. సౌదీవాళ్ళను సరిపడా పెట్టుకోలేదని ఎవరికీ ఇకామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, రెన్యూ కాలేదు. తోటివాళ్ళంతా ఇంటిదారి పట్టారు. ఈయన మాత్రం ఖతీఫ్‌లో ఖర్జూరం తోట ఉన్న ఒక ముసలాయనను కఫీల్‌గా, అంటే వీసాకు పూచీ పడే యజమానిగా, పట్టుకున్నాడు. ఎగ్జిట్ కొట్టించుకుని ఇండియాకు వెళ్ళిపోతున్న ఒక ఫ్యామిలీ దగ్గర పాత మిషన్ కొని, గడ్డి కోయడం మొదలుపెట్టాడు.

ఎందుకన్నా ఇంత మొండితనం అంటే ఒకటే మాట.

"మీ వదినను ఒక్కసారి ఈడికి తేవల్ల సిస్టరమ్మా. ఈ పచ్చగడ్డి మీద చెప్పులు లేకుండా నడిపీయల్ల."

వాళ్ళ ఇంటి ముందంతా పల్లేరుకాయలట. చెప్పులు లేకుండా అడుగు పెట్టలేరట.

ఎండాకాలమంతా పనే పని. చలి మొదలవగానే కాంపౌండ్‌లో గడ్డి మొత్తం ఎండుగడ్డి రంగులోకి తిరిగింది. ఆయన కడప మనిషి. గడ్డి రంగు మారితే నీళ్ళు చాలలేదనే ఆయనకు తెలుసు. ఇంక ఒకటే తడపడం!

"అన్నా, మా గోదారోళ్ళు కూడా చేలోకి ఇన్ని నీళ్ళు పెట్టరు. నాట్లేత్తావా ఏంటి?" అన్నాను. నా నోరు మీకు తెలిసిందే కదా.

దోమలొచ్చాయి గానీ పచ్చదనం రాలేదు. చివరికి కఫీల్ వచ్చి చూసి, పడీ పడీ నవ్వి, అసలు సంగతి చెప్పాడట. ఆ శుక్రవారం మస్తానన్న వెలిగిపోతున్న ముఖంతో వచ్చాడు.

"ఇది సచ్చిపోలేదు సిస్టరమ్మా. చలికి నిద్రపోతాండాది. ఎండ తగిల్తే అదే లేస్తాది."

బాగానే ఉంది. గడ్డి నిద్రపోతే మరి ఈయనేం తినాలి?

మార్చిలో రా అన్నారు అందరూ. ఆ చలికాలం ఇంక ఎగ్జిటే అనుకున్నాం. ఒకరోజు నేను మొద్దుబారిన కత్తిపీటతో వంకాయలు కోయలేక తిట్టుకుంటుంటే, గుమ్మం దగ్గర నుంచి చూశాడు. మిషన్ బ్లేడుకు సాన పెట్టే రాయి సంచీలోంచి తీసి, అక్కడే కూర్చుని నా కత్తిపీట నూరిపెట్టాడు.

అంతే. సాయంత్రానికల్లా ఆడవాళ్ళంతా బారులు తీరారు. కత్తిపీటలు, కొబ్బరి కోరాములు, చాకులు! దేశం కాని దేశంలో ఇన్ని కత్తిపీటలు దిగాయని నాకు అప్పుడే తెలిసింది. ఆ చలికాలం మస్తానన్నను మా వంటిళ్ళే బతికించాయి. ఆ తర్వాత ప్రతి చలికాలమూ అదే దారి.

తర్వాత ఫ్యామిలీల మీద తలకింత అని లెవీ పన్ను వచ్చింది. ఒక్కొక్క ఇంటికీ తాళం పడటం మొదలైంది. ఆ లెవీ, స్కూలు ఫీజు రెండూ మోయలేక మేము కూడా మా పాప చిన్నిని భీమవరంలో అక్క దగ్గరికి పంపేశాం. ఆ పిల్ల మా ఇంటి ముందు గడ్డి మీదే నడక నేర్చుకుంది.

"ఇంక రావద్దన్నా. గడ్డి మీద ఆడేవాళ్ళు లేరు" అని చెప్పేశాను.

సరేమ్మా అన్నాడు. మళ్ళీ శుక్రవారం మామూలుగానే వచ్చాడు.

ఆ సంవత్సరమే వదినకు విజిట్ వీసా దొరికింది. ఇన్నేళ్ళు ఆగి ఆగి, సరిగ్గా గడ్డి నిద్రపోయే కాలంలో!

చలికాలంలో మొలిచే గడ్డి విత్తనం వేరే ఉంటుందని కఫీల్ ఎప్పుడో చెప్పాడు. కానీ రేపో మాపో పోయేవాళ్ళు ఎవరు చల్లించుకుంటారు? అన్న మా గుమ్మంలో నిలబడ్డాడు.

"మీ ఇంటి ముందర చల్లుకోనా సిస్టరమ్మా?"

ఎండిన గడ్డిని నేలకంటా కోసి, విత్తనం చల్లి, పైన పల్చగా మట్టి కప్పాడు. ఈసారి నీళ్ళు అరచేత్తో చిలకరించాడు. పసిపిల్ల జుట్టులా మొలిచింది.

వదిన వచ్చిన రోజు గేటు దగ్గరే చెప్పులు విడిచింది. బురఖా అంచు కాస్త ఎత్తిపట్టుకుని రెండడుగులు వేసి ఆగిపోయింది.

"ఇంత మెత్తగుండాదే. దీన్ని కోసేకి నీకు మనసెట్ల వచ్చె?" అంది అన్నతో.

ఆయన అటు తిరిగి ముఖం తుడుచుకున్నాడు. నాకు మా చిన్ని పాదాలు గుర్తొచ్చాయి. లోపలికి వెళ్ళి ఏడ్చాను.

కొన్నాళ్ళకు కోయడానికి ఇళ్ళే మిగల్లేదు. అన్న కూడా ఎగ్జిట్ వెళ్ళిపోయాడు. మళ్ళీ వస్తానేమో ఉండనీమ్మా అని మిషన్ మా స్టోర్‌రూమ్‌లో పెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉంది. శుక్రవారం వస్తే ఈ రోజుకీ దాని చప్పుడు కోసం వింటాను.

నిన్న ఫోన్ పెట్టేసే ముందు ఖైరూన్ వదిన అడిగింది.

"మీ ఇంటి ముందర గడ్డి ఎట్లుండాదమ్మా?"

పచ్చగా ఉందని అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. ఎండిపోయింది వదినా అన్నాను.

భర్తను పోగొట్టుకున్న ఆ మనిషే నన్ను ఓదార్చింది.

"సచ్చిపోలేదమ్మా. నిద్రపోతాండాది. మీ అన్న చెప్పలేదా నీకు?"

చెప్పాడు వదినా.

అన్నా, నా కత్తిపీట మళ్ళీ మొద్దుబారింది. ఎవరికి ఇవ్వను?

హాయిగా పడుకో. నువ్వు పడుకున్న నేల మీద ఒక్క పల్లేరుకాయ కూడా మొలవకూడదు.