పెయింటర్ అంటే తాడట

కువైట్‌లో ఉండటానికిచ్చే అనుమతి పత్రం, నా ఇఖామాలో వృత్తి అన్నచోట పెయింటర్ అనే ఉంది. రాయచోటిలో గోడలకు, కువైట్‌లో పడవలకు రంగులు వేయడమే నా పని. అల్ రాయ్‌లో పడవలు బాగుచేసే వర్క్‌షాపు మాది. అప్పుడప్పుడు సాల్మియా తీరంలో పడవలు కట్టేసి ఉంచే చోటికి వెళ్లి, అక్కడే పని ముగించుకొస్తాం.

ఆ రోజు పొద్దున జెట్టీ మీద కూర్చుని ఒక పడవ అంచుకు రంగు వేస్తున్నాను. నాతో పనిచేసే కడపాయన, నాకంటే పెద్దవాడు, పక్కనే గరుకు కాగితంతో చెక్క రుద్దుతున్నాడు. ఇంతలో ఒక చిన్న పడవ ఇంజను ఆగిపోయి, గాలికి రాళ్లకట్ట వైపు కొట్టుకుపోసాగింది. అందులో మా దగ్గర పడవ బాగుచేయించుకునే ఇంగ్లండు పెద్దాయన ఒక్కడే ఉన్నాడు.

"పెయింటర్! పెయింటర్!" అని అరిచాడు.

నన్నే పిలుస్తున్నాడనుకుని లేచి, బ్రష్ పైకెత్తి "యస్ సార్!" అన్నాను. ఆయన విసిరిన తాడు నా కాళ్ల ముందే పడి నీళ్లలోకి జారిపోయింది.

"తాడు పట్టుకోప్పా! బ్రష్ ఎందుకు చూపిస్తాండావు?" అని కడపాయన కేకేశాడు.

పెద్దాయన తాడు లాక్కుని మళ్లీ విసిరాడు. ఈసారి బ్రష్ వదిలేసి అందుకున్నాను. ఇద్దరం మడమలు బిగించి లాగాం. రాళ్లకు బారెడు దూరంలో పడవ ఆగి, మెల్లగా మా వైపు తిరిగింది.

పెద్దాయన ఒడ్డెక్కాడు. కడపాయన ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాడు. నన్ను పిలిచి తాడెందుకు విసిరారని నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను. సంగతి అర్థమయ్యాక ఆయన కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

పడవ ముక్కుకు కట్టి ఉండే తాడును పెయింటర్ అంటారట. రంగుతో దానికి ఏ సంబంధమూ లేదట.

"వేలాడదీసే తాడుకు పాత ఫ్రెంచిలో ఉన్న మాట నుంచి వచ్చిందంటారు. మొదట్లో లంగరును ఓడ పక్కన బిగించే తాడుకు ఆ పేరు. తర్వాత చిన్న పడవల తాడుకు వచ్చింది," అన్నాడు. పెయింటర్ తెంచుకోవడమంటే బంధం తెంచుకుని వెళ్లిపోవడమని కూడా చెప్పాడు.

"ఇంగ్లీషోళ్లకు మాటలకు గూడా కరువొచ్చినాదా? మనిషికీ తాడుకూ ఒకే పేరు పెట్టినారే!" అన్నాడు కడపాయన.

నాకు నవ్వు రాలేదు. మొదటిసారి తాడు వదిలేసినందుకు సిగ్గుగా ఉంది. ఆ మాటే చెప్పాను.

"రెండోసారి పట్టుకున్నావు కదా," అని పెద్దాయన నా భుజం తట్టాడు. టీ తాగి, జెట్టీ కొయ్యకు తాడు కట్టే ముడి ఐదుసార్లు వేసి, విప్పి చూపించాడు. ఆరోసారి నేను వేశాను. ఆయన ఒంటి బరువంతా వేసి లాగినా అది జారలేదు.

తర్వాతి శుక్రవారం ఇంజను బాగయ్యాక, ఆయన తన పడవ దగ్గరికి నన్నే పిలిపించుకున్నాడు. రంగుకు కాదు, ఒడ్డున తాడు అందుకోవడానికి.