జీడిపండు జెల్లీతో టెక్కలి దాకా

ఉదయం ఆరుంపావుకి కోటబొమ్మాళి స్టేషనులో పలాస వెళ్లే పాసింజరు ఎక్కాను. టికెట్టు పది రూపాయలు. చేతిలో సంచి, సంచిలో పలచని తెల్లగుడ్డ, అరడజను నిమ్మకాయలు. చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి. దాని సంగతి తరవాత చెబుతాను.

పళ్ల జెల్లీ చెయ్యడంలో నాకు నలభై ఏళ్ల అనుభవం ఉంది. పెద్ద ఫ్యాక్టరీలో నేను గరిటె ఎత్తి చూసి తల ఊపితే తప్ప పొయ్యి ఆర్పేవారు కాదు. ఇలా అని నెల కిందట మా మేనకోడలు జయ ఇంట్లో, పీటమీద కూర్చుని, పదిమంది వింటుండగా చెప్పాను. అసలు జరిగింది ఇది: మీసాలు వచ్చిన కొత్తలో ఒక పళ్లరసాల ఫ్యాక్టరీలో మూడు నెలలు సీసాలకు లేబుళ్లు అంటించాను. జెల్లీ వండే గది అద్దానికి అవతల ఉండేది. అద్దంలోంచి చూసిందే నా చదువు.

జయ ఆ మాట నమ్మింది. నమ్మడానికి ఆమెకు అవసరం ఉంది. పదిహేనేళ్లుగా కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే షెడ్డులో పని. పిక్క తొక్కులో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది. ఈ ఏడు ఆమె వేళ్ల చివర్లు పగిలి మానడం లేదు. ఇక పిక్క ముట్టుకోవద్దని డాక్టరు చెప్పేశాడు. మొగుడు వేటకి వెళ్లే మనిషి, సముద్రం ఇచ్చిన రోజు ఇస్తుంది, లేని రోజు లేదు. టెక్కలిలో ఒక బేకరీ ఆయన, జీడిపండుతో జెల్లీ నిలబెట్టి చూపిస్తే ఈ సీజనంతా ఆమె దగ్గరే తీసుకుంటానన్నాడు. గడువు బుధవారం సాయంత్రం నాలుగు. ఆ తరవాత విశాఖ సరుక్కి చెప్పేస్తాడు.

ఈ రోజు బుధవారం. నేను నిన్ననే రావాలి. రైలు తప్పిపోయిందని ఫోనులో చెప్పాను. రైలు వేళకే వచ్చింది. ప్లాట్‌ఫారం మీద నేనే బెంచీ దిగలేదు, భయమేసి. ఇంటికి పోయి ఫోనులో నాలుగు వీడియోలు చూసి, చూసింది కాగితం మీద రాసుకున్నాను. జేబులో ఉన్నది అదే.

నౌపడలో ఎండుచేపల గంపతో ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది.

"ఎక్కడికి తాతా?"

"ఉద్దానం. జెల్లీ వండడానికి."

"ఈ వయసులో వంటమేస్త్రీ పనేటి నీకు? ఇంట్లో అన్నం ఎట్టట్లేదా?"

బోగీలో నలుగురు నవ్వారు. నేను కిటికీ వైపు తిరిగాను.

ఏడున్నరకి పలాస. స్టేషను బయట ఇడ్లీ బాగుంటుంది, రెండు ప్లేట్లు తిన్నాను. తరవాత కాశీబుగ్గ బజారులో ఆరు సీసాలు, పంచదార కొన్నాను. ఈ పని మొదలుపెట్టేవారు ఒకటి గుర్తుంచుకోండి. సీసా పాతదైనా పరవాలేదు, అంచు చిట్లకుండా ఉండాలి. రేకు మూత మాత్రం కొత్తదే కావాలి. ఒకసారి బిగిసిన మూత రెండోసారి గాలి ఆపదు. ఇది నిజంగా నాకు తెలిసిన విషయం. లేబుళ్లవాడికి మూతలు తెలుస్తాయి.

షేర్ ఆటోలో వజ్రపుకొత్తూరు వైపు ముప్పావుగంట. ఉద్దానం అంటే ఇదే, రోడ్డుకి రెండు వైపులా జీడితోటలు. పిక్క తుంచుకుని పండు అక్కడే వదిలేస్తారు ఇక్కడ. చెట్ల కింద ఎర్రగా, పసుపుగా మగ్గి పులిసిపోతున్న పళ్లు, ఆటోలోకి కల్లు వాసన. సముద్రం ఒడ్డున పేటలో దిగేసరికి తొమ్మిది దాటింది.

జయ వాకిట్లోనే ఉంది. రెండు గంపల పళ్లు కోయించి సిద్ధం చేసింది, రాలినవి కావు, చెట్టునుంచి కోసినవి. వేళ్లకి గుడ్డ చుట్టుకుంది.

"రేపు అన్నావు, నిన్న అన్నావు, ఇయ్యాల ఒచ్చావు మావా. టైము సాల్తాదా?"

"నేనుండగా టైము సంగతి నీకెందుకే."

ఆమె అత్తగారు సూరమ్మ వదిన గుమ్మంలో కూర్చుని వల కుట్టుకుంటోంది. తల ఎత్తకుండానే అంది: "రా బావా. నలభై ఏళ్లు ఎయ్యి కుండలు దింపిన సెయ్యి ఏదీ, సూడనీ."

పళ్లు కడిగించాను, ముక్కలు కోయించాను. తెల్లగుడ్డలో వేసి రసం కార్చాం. గుడ్డని గట్టిగా పిండకూడదు, పిండితే రసం మబ్బేస్తుంది. అంతవరకు బాగానే ఉంది. జయ ఒక చుక్క నాలుక మీద వేసుకుని గొంతు పట్టుకుంది. నేనూ వేసుకున్నాను. గొంతులో గరగర, నాలుక మొద్దుబారింది. ఈ వగరుతో జెల్లీ చేస్తే బేకరీ ఆయన మొదటి చెంచాకే ఉమ్మేస్తాడు.

పెరట్లోకి వెళ్లి కాగితం తీశాను. నారింజ ఉంది, ద్రాక్ష ఉంది, వగరు సంగతి ఎక్కడా లేదు. తిరిగి వచ్చి రసం వంక తీవ్రంగా చూశాను. మళ్లీ పెరట్లోకి వెళ్లాను.

"బావకి కడుపు బాగున్నట్టు లేదు," అంది సూరమ్మ వదిన.

మూడోసారి కూడా వెళ్లి తిరిగొచ్చేసరికి ఆవిడ వల పక్కన పెట్టి, పొద్దుటి అన్నం గంజి చెంబుతో తెచ్చి రసంలో పోసేసింది. రెండు గంపల రసం పోయిందనుకున్నాను. పావుగంట అలా ఉంచాం. గంజి వగరంతా లాక్కుని బురదలా అడుక్కి దిగింది. పైన తేనె రంగు నీళ్లు తేటగా నిలిచాయి.

"సిన్నప్పుడు మాయమ్మ రసం ఇలాగే ఇచ్చేది. ఫేట్రీలో సెయ్యరేటి?" అంది వదిన.

"చేస్తారు. నువ్వు చేస్తావా లేదా అని చూశాను," అన్నాను.

అబద్ధం. ఆ ఫ్యాక్టరీలో జీడిపండు మొహం చూసినవాడు లేడు.

జీడిపండు రసం ఒంటరిగా గట్టిపడదు. అది కాగితంలో కాదు, జయ నిన్న నాకోసం చూసి చూసి ఒక గ్లాసు రసం విడిగా ఉడికించి తెలుసుకున్న సంగతి. పాకం అయింది, జెల్లీ కాలేదు. పచ్చిమామిడి ముక్కలు నీళ్లలో ఉడికించి వడగడితే ఆ నీళ్లు చల్లారాక జిగురుగా ఉంటాయని ఆవకాయల రోజుల్లో ఆమె గమనించింది. నాలుగు గ్లాసుల జీడిరసానికి రెండు గ్లాసుల మామిడినీళ్లు, నాలుగున్నర గ్లాసుల పంచదార, రెండు నిమ్మకాయలు. వెడల్పాటి గిన్నె, పెద్ద మంట. నురగ వస్తూంటే తీసేస్తూ ఉండాలి. పక్కపొయ్యి మీద సీసాలు, మూతలు నీళ్లలో మరుగుతున్నాయి. వేడి జెల్లీ చల్లని సీసాలో పోస్తే సీసా పగులుతుంది.

ఇప్పుడు గరిటె పరీక్ష. గరిటె ముంచి పక్కకి వంచి పట్టుకోవాలి. మొదట చుక్కలు నీళ్లలా పడతాయి. తరవాత రెండు చుక్కలు పక్కపక్కన వేలాడతాయి. ఆ రెండూ కలిసిపోయి ఒక రేకులా జారి పడినప్పుడు దించాలి. అద్దంలోంచి నేను చూసింది ఇదొక్కటే.

పన్నెండున్నర. రెండు చుక్కలు వేలాడుతున్నాయి, కలవడం లేదు. ముందే మాట్లాడుకున్న ఆటో అబ్బాయి వచ్చి బయట హారన్ కొట్టడం మొదలుపెట్టాడు.

"ఇంకొంచెం ఉండనీ మావా," అంది జయ.

"దించెయ్. నా కన్ను చెబుతోంది."

నా కన్ను ఏమీ చెప్పలేదు. చెప్పింది ఆటో హారన్.

సీసాల్లో బొటనవేలి గోరంత ఖాళీ వదిలి పోశాం. అంచులు తుడిచి మూతలు బిగించి, అడుగున గుడ్డ వేసిన గుండిగలో సీసాలు మునిగేలా మరుగునీళ్లలో పది నిమిషాలు ఉంచాం. బయటికి తీశాక ఒక్కొక్క మూతా టప్ మని లోపలికి నొక్కుకుంది. జయ వేలితో ఆరూ లెక్కపెట్టింది. మామూలుగా అయితే ఆ సీసాలు మర్నాటిదాకా కదపకూడదు. గట్టిపడుతూండగా కదిపితే జెల్లీ విరిగిపోతుంది, మళ్లీ అతుక్కోదు. మాకు మర్నాడు లేదు. ఆ మర్నాడు బెంచీ మీద కూర్చుని పోగొట్టింది నేను.

సూరమ్మ వదిన అల్యూమినియం డేసా నిండా ఒడ్డు ఇసక పోసుకొచ్చింది. సీసాలు మెడదాకా ఇసకలో పాతింది. ఐదు పట్టాయి. ఆరోది తువ్వాల్లో చుట్టి నా చేతికిచ్చారు.

"ఒంపకు బావా," అంది.

ఆటోలో జయ డేసా ఒళ్లో పెట్టుకుంది. గోతి వచ్చినప్పుడల్లా సీటు మీంచి లేచి, మోకాళ్లు వంచి, గాల్లో పట్టుకునేది. ఆటో అబ్బాయిని నెమ్మదిగా పోనివ్వమంటే టైము పోతుంది, తొందరగా పోనిమ్మంటే సీసాలు ఊగుతాయి. కాశీబుగ్గలో రెండుంపావుకి టెక్కలి బస్సు దొరికింది. భోజనం లేదు. ఆకలి కూడా లేదు.

బస్సులో వెనక సీటు పెద్దాయన అడిగాడు: "అమ్మా, ఇసక మోసుకెళ్తన్నావేటి, టెక్కల్లో ఇసక లేదా?"

"సీసాలున్నాయి బాబూ. కదపకూడదు."

"నాటుసారానా?"

"జెల్లీ."

ఆయనకి అర్థమయిందో లేదో గాని, తరవాత ఎక్కినవాళ్లందరికీ ఆయనే చెప్పాడు, ఆ పాప పక్కన తోసుకోకండి అని.

నందిగాం దగ్గర ముందు లారీ ఏదో ఆగిపోయి బస్సు నిలిచిపోయింది. మూడు అయింది. మూడుంపావు. జయ గుడ్డ చుట్టిన వేళ్లతో డేసా అంచు ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. నిన్న ఎందుకు రాలేదని ఆమె నన్ను అడగలేదు. అడిగితే బాగుండేది.

నేను ఆరో సీసా చూసుకున్నాను. ఒకసారే. కాదు, పది నిమిషాలకోసారి. తువ్వాలు తొలగించి, కొద్దిగా వంచి, గట్టిపడిందా అని. ప్రతిసారీ లోపల సన్నగా జారేది. జారిందని భయమేసి ఇంకాస్త వంచేవాణ్ణి.

నాలుగుకి పది నిమిషాలుండగా టెక్కలి. బస్టాండు నుంచి ఆటో ఎక్కలేదు, నడిచాం. బేకరీ ఆయన గల్లాపెట్టె దగ్గర నిలబడి ఫోనులో మాట్లాడుతున్నాడు. మమ్మల్ని చూసి ఫోను పెట్టేసి, ఇసకలో చెయ్యి పెట్టకుండా, సులువుగా దొరికే నా చేతిలో సీసా అందుకున్నాడు.

"అది వద్దండీ," అన్నాను.

"ఏం?"

"అది దారిలో నేను కదిపాను. చేసినావిడ తప్పు లేదు. ఇసకలోవి చూడండి."

ఆయన అయినా వంచి చూశాడు. పాకంలా మూలకి జారింది. జయ ముఖంలోకి నేను చూడలేదు. ఆమే డేసాలోంచి ఒక సీసా తీసి, ఇసక తుడిచి ఇచ్చింది. ఆయన మూత తీశాడు. చాకు దింపి ముక్క తీసి రొట్టె మీద పెట్టాడు. ముక్క నిలబడింది. కాసేపటికి అంచులు మెల్లగా వంగాయి. నోట్లో వేసుకున్నాడు. ఇంకో చెంచా తీసుకున్నాడు.

"గొంతు పట్టుకోవట్లేదు. రంగు బాగుంది," అన్నాడు. "మెత్తగా ఉంది గాని. ఎండకి నిలబడదు. ఇది గట్టిగా రావాలంటే ఏం చెయ్యాలి మేస్త్రీగారూ?"

నన్నే అడిగాడు. నలభై ఏళ్ల అనుభవం చెప్పి ఉంటుంది జయ ముందే. నోరు తెరిచాను. ఏదో ఒకటి చెప్పడం నాకు చేతకాని పని కాదు.

"నాకు తెలీదండీ," అన్నాను. "నేను లేబుళ్లు అంటించినవాణ్ణి. ఆమెని అడగండి."

జయ నా వైపు తిరగలేదు.

"సుక్కలు కలవకముందే దింపేశాం," అంది ఆయనతో. "పది నిమిషాలు ఎక్కువ ఉడకాల. మామిడినీళ్లు అరగ్లాసు పెంచుతాను. ముందురోజే సేసి రాత్రంతా కదపకుండా ఉంచి తెత్తాను."

"ఎప్పుడు?"

"శుక్రవారం."

ఆయన గోడ గడియారం వంక చూశాడు, ఫోను వంక చూశాడు. "శుక్రవారం తెచ్చి చూపించు. అప్పటిదాకా విశాఖవాళ్లకి చెప్పను," అన్నాడు. తరవాత రొట్టెముక్క పూర్తిగా తినేశాడు.

మళ్లీ బస్టాండుకి నడిచి వచ్చాం. టీ తాగుతూ జయ అంది: "నిన్న రైలు నిజంగా తప్పిందా మావా?"

"లేదు."

"అలాగనుకున్నాను." గ్లాసు పెట్టేసింది. "శుక్రవారం సరుక్కి సీసాలు కడగడానికి మనిషి కావాల. రేపు పొద్దున్నే రా. గరిటె ముట్టకూడదు."

వస్తానన్నాను. ఆమె కాశీబుగ్గ బస్సు ఎక్కింది. నేను ఐదున్నరకి కోటబొమ్మాళి బస్సు ఎక్కాను, ఆరో సీసాతో. పక్క సీటు ఆమె అది చూసి ఏమిటని అడిగితే మూత తీసి వేలితో రుచి చూడమన్నాను.

"బాగున్నాది. తేనా?"

"జెల్లీ. నా చేతిలో పడి ఇలా అయింది."

ఈ దారిలో వెళ్లేవారికి ఒకటి చెప్పగలను. ఉద్దానంలో ఏప్రిల్, మే నెలల్లో పండు అడిగితే ఊరికే ఇస్తారు, గంజి ప్రతి ఇంట్లో ఉంటుంది, బస్సులు ఆగినా చివరికి కదులుతాయి. ఒకరోజు ముందు బయలుదేరండి. ముఖ్యంగా, తెలిసినట్టు మాట్లాడే ముసలివాణ్ణి వెంట తీసుకెళ్లకండి. తీసుకెళ్లక తప్పకపోతే, సీసాలు కడగనివ్వండి. నేను బుధవారం రాత్రే సంచి సర్దుకుని తలుపు దగ్గర పెట్టాను. కాగితం అందులో పెట్టలేదు.